తరుగుదల లెక్క



డిగ్రీలో మాకు పాఠం చెప్పిన సారు స్మారకోపన్యాసం ఇవ్వమని ఈ కళాశాలవారు కబురు చేసినప్పుడు, అంశం నన్నే ఎంచుకోమన్నారు. అందుకు ఎక్కువసేపు పట్టలేదు. నా ఉద్యోగమంతా బ్యాంకులో ప్రాజెక్టు రుణాల ఫైళ్ళ మధ్యే గడిచింది. ఇప్పుడు పెట్టుబడి అన్న మాట ఎక్కడ వినబడినా దాని వెంట నాలుగు రంగాల పేర్లు వస్తున్నాయి. కరెంటు, చిప్పులు, కృత్రిమ మేధ, వైద్యం. పేపరు తెరిస్తే వేల కోట్లు, లక్ష కోట్లు. ఈ అంకెలను ఎలా చదవాలో సారు మాకు ఎప్పుడో నేర్పారు. ఆ పాఠం పేరు తరుగుదల.

డిగ్రీ రెండో ఏడాదిలో సారు మా తరగతిని ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లుకు తీసుకుపోయారు. లోపల ఒకరి మాట ఒకరికి వినబడదు. గాలిలో తేలే దూది నూగు కనుబొమ్మల మీద, చొక్కాల మీద వాలి అందరం ముసలివాళ్ళలా తయారయ్యాం. యజమాని ఆస్తుల రిజిస్టరు తెచ్చి సారు చేతిలో పెట్టాడు. వరుసగా ఆడుతున్న మిషన్లలో అన్నిటికన్నా పాతదాని విలువ ఆ పుస్తకంలో ఒక రూపాయి. పూర్తిగా తరిగిపోయిన ఆస్తిని లెక్కల్లోంచి తీసెయ్యకుండా, రూపాయి విలువ చూపించి ఉంచడం ఆనవాయితీ. ఆ రూపాయి మిషను మా ఎదురుగా గడగడా ఆడుతూ గింజ నుంచి దూదిని వేరు చేస్తోంది. పక్కన ఒక ఫిట్టరు తోలు రోలరును ఒళ్ళో పెట్టుకుని, అరిగిన గాడులు మళ్ళీ తీస్తున్నాడు. ఒక్కో గాడినీ బొటనవేలితో తడిమి చూసుకుంటున్నాడు. తలెత్తకుండానే, మూడో మిషను శబ్దం తేడాగా ఉందని పక్కనున్న కుర్రవాడికి సైగ చేశాడు.

బయటికి వచ్చాక సారు రిజిస్టరు మా ముందు పెట్టి, "మిషను రూపాయి అని రాసినారు. ఆయప్ప విలువ ఏ పేజీలో ఉందో చూడండి" అన్నారు. చివరి పేజీ దాకా వెతికాం. లేదు. జీతాల పుస్తకంలో నెలజీతం ఉంది, అది ఖర్చు పద్దు. ఆస్తి పద్దులో ఆ మనిషి లేడు.

తర్వాత బ్యాంకులో నేను చూసిన ఫైళ్ళలోనూ అంతే. భూమి తనఖాకు వచ్చింది, షెడ్డు వచ్చింది, యంత్రాలు వచ్చాయి. పని తెలిసిన చేతులకు ఏ ఫారంలోనూ గడి లేదు. అందుకే చాలా ఏళ్ళుగా నాకు ఒక నమ్మకం ఏర్పడింది. పెట్టుబడి మంచిదా చెడ్డదా అన్నదానికి లాభనష్టాల పట్టిక చెప్పేది సగం జవాబే. డబ్బు పెట్టినవాడు వెళ్ళిపోయాక, మిషను రూపాయికి తరిగాక, ఆ ఊళ్ళో ఎవరి చేతుల్లో ఏ పని మిగిలిందన్నది మిగతా సగం. నేటి నాలుగు రంగాలనూ ఈ రెండో సగంతోనే తూచి చూద్దామని వచ్చాను.

నాలుగని విడదీసి చెబుతున్నాం గానీ, డబ్బు నడిచే దారి చూస్తే ఇవన్నీ ఒక్క దారానికే గుచ్చిన పూసలు. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న జనం ముందుకు వచ్చింది. అలాంటివాటికి చిప్పులు అమ్మే ఎన్‌విడియా అమ్మకాలు 2023 జనవరితో ముగిసిన ఏడాదిలో దాదాపు 2,700 కోట్ల డాలర్లు. రెండేళ్ళు తిరిగేసరికి 13,000 కోట్లు దాటాయి. ఆ చిప్పులు కొన్నవాళ్ళకు కరెంటు కావాలి. 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి దాదాపు 41,500 కోట్ల యూనిట్లు వాడాయనీ, 2030 నాటికి అది రెట్టింపు దాటవచ్చనీ అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క కట్టింది. అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రం పేరు వింటే 1979 ప్రమాదం తర్వాత లోకం భయపడింది. అక్కడ ప్రమాదం తగలని రియాక్టరు కూడా గిట్టుబాటు కాక 2019లో మూతబడింది. దాన్ని తిరిగి నడిపిస్తే ఇరవై ఏళ్ళు కరెంటు కొంటానని 2024 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఒప్పందం చేసుకుంది. భయం పోయిందని కాదు, అవసరం దాన్ని దాటిపోయింది. ఇటు చూస్తే, ప్రొటీన్ల ఆకారాన్ని కంప్యూటరుతో ఊహించి చెప్పినవాళ్ళకు 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా వచ్చింది. మందుల పరిశోధన కూడా అదే చిప్పుల మీద, అదే కరెంటు మీద ఆధారపడే రోజు వచ్చింది.

ముందు కరెంటు సంగతి. దీనికి మనం ఢిల్లీ దాకా పోనక్కర లేదు, కర్నూలు దగ్గరి గని ఊరి దాకా పోతే చాలు.

2010 చివర్లో జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో యూనిట్ ధర సగటున 12 రూపాయల దాకా పలికింది. 2015 నవంబరులో మన గని, శకునాల సౌర పార్కుకు ఎన్‌టీపీసీ వేలం పెడితే, సన్ఎడిసన్ అనే అమెరికా కంపెనీ 4 రూపాయల 63 పైసలకు 500 మెగావాట్లూ తానే ఎత్తుకుంది. అప్పటికి దేశంలో అంత తక్కువ ధర ఎవరూ పాడలేదు. అర్ధ సంవత్సరం గడవకముందే, 2016 ఏప్రిల్‌లో, మోయలేని అప్పులతో ఆ కంపెనీ అమెరికాలో దివాలా దరఖాస్తు పెట్టింది. దాని భారతదేశపు ఆస్తులను హైదరాబాదుకు చెందిన గ్రీన్‌కో కొని పని పూర్తి చేసింది. 2017లో వెయ్యి మెగావాట్ల పార్కు నిలబడింది. ఆరు వేల ఎకరాలకు కాస్త తక్కువ మేర నీలం ఫలకాలు. వేలం పాడినవాడు మునిగినా పార్కు ఆగలేదు. పెట్టుబడిదారు వేరు, పెట్టుబడి వేరు అన్నదానికి మన జిల్లాలోనే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఆ తర్వాత ధర ఇంకా జారింది. 2017 ఏప్రిల్‌లో కడప వేలంలో 3 రూపాయల 15 పైసలు, మరుసటి నెలలోనే రాజస్థాన్ భడ్లాలో 2 రూపాయల 44 పైసలు, 2020 డిసెంబరులో గుజరాత్‌లో రెండు రూపాయలకు ఒక పైసా తక్కువ. ఈ తగ్గుదల మన ప్రతిభతో వచ్చింది కాదని ఒప్పుకోవాలి. సిలికాన్ శుద్ధి మొదలు ఫలకం బిగింపు దాకా ప్రతి దశలోనూ ప్రపంచ సామర్థ్యంలో నూటికి ఎనభైకి పైగా చైనాదే. వాళ్ళు పదిహేనేళ్ళు పట్టుబట్టి కర్మాగారాలు కట్టారు, నష్టాలు ఓర్చారు. వాళ్ళ ధర తగ్గింది కాబట్టి మన వేలం ధర తగ్గింది.

గని పార్కుకు నేను రెండుసార్లు పోయాను. ఎండ ముదరకముందే ఆడవాళ్ళు వరుసల మధ్య గడ్డి కోస్తున్నారు. కుర్రవాళ్ళు పొడవాటి కర్రలకు బ్రష్షులు కట్టి ఫలకాలు కడుగుతున్నారు. వేడెక్కిన అద్దం మీద నీళ్ళు పడకూడదని పొద్దున్నే ముగిస్తారట. గేటు దగ్గర కాపలా. ఇవన్నీ కష్టపడి చేసే పనులే, వాటి మీద బతికే ఇళ్ళున్నాయి. కానీ ఇన్వర్టరు గది తలుపు తీసి లోపల ఏం జరుగుతుందో నాకు చెప్పగల కుర్రవాడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్కడూ తగల్లేదు. వెయ్యి మెగావాట్లు వచ్చిన చోట, ఆ వెయ్యి మెగావాట్ల పని తెలిసిన పాలిటెక్నిక్ ఒకటి రావలసింది. ఫలకాలు పాతికేళ్ళకు తరిగిపోతాయి. ఆ పాలిటెక్నిక్ వచ్చి ఉంటే అది తరిగేది కాదు.

ఇప్పుడు డబ్బు ఫలకం నుంచి నిల్వ వైపు మళ్ళుతోంది. కారణం రైతుకు బాగా తెలుసు. మధ్యాహ్నం కరెంటు దండిగా ఉంటుంది. పొద్దుగూకాక ఇంటింటా లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు వేసే వేళకు సూర్యుడు ఉండడు. 2025 జూన్ నాటికి మన దేశపు విద్యుత్ కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసులు కాని వనరులదే అయింది. అయినా ఏడాది పొడవునా తయారయ్యే యూనిట్లలో పెద్దవాటా ఇప్పటికీ బొగ్గుదే. ఈ రెండు వాక్యాలకూ నడుమ ఉన్న ఖాళీ పేరే నిల్వ. దాన్ని పూడ్చడానికే పాణ్యం దగ్గర పిన్నాపురంలో పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం కట్టే పని తలపెట్టారు. పగలు ఎండ కరెంటుతో నీటిని పైకి తోడతారు, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. అవే నీళ్ళు రోజూ పైకీ కిందికీ తిరుగుతుంటాయి. ఆలోచనగా చూస్తే ఎంత సాదా! మన రాళ్ళగుట్టల ఎత్తే పెట్టుబడిగా మారింది. దీనికి కావలసిన సివిల్ పని, గేట్ల పని, టర్బైన్ల పని తరతరాలుగా నాగార్జునసాగరంలోనూ శ్రీశైలంలోనూ నేర్చినవాళ్ళు మనకున్నారు. ఫలకంలో మనకు లేని బలం ఇక్కడ ఉంది. అందుకే సౌర పార్కు కన్నా పిన్నాపురం మీద నాకు ఎక్కువ ఆశ.

ఈ సందర్భంలో ఒక చేదు సంగతి దాటవెయ్యలేను. 2019లో మన రాష్ట్ర ప్రభుత్వం పాత గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తగ్గించాలని పట్టుబట్టింది. బిల్లులు పూర్తిగా చెల్లించలేదు. వ్యాజ్యం నడిచి నడిచి 2022 మార్చిలో ఒప్పందపు ధరే చెల్లించాలని హైకోర్టు తీర్పు చెప్పింది. పాత ధరలు తర్వాతి వేలాలతో పోలిస్తే బరువే, కాదనను. కానీ సంతకం చేశాక ధర తగ్గిందని బేరం మార్చితే, ఆ రాష్ట్రం నుంచి తర్వాత వచ్చే ప్రతి ఫైలు మీదా బ్యాంకరు వడ్డీకి ఇంకొంత కలుపుతాడు. ఆ కొంత తిరిగి తిరిగి మన కరెంటు బిల్లులోకే వచ్చి చేరుతుంది. మాట నిలబెట్టుకోవడం కూడా ఒక ఆస్తే. దానికీ రిజిస్టరులో పేజీ లేదు.

చిప్పుల కథలో మనకు గాయాలు ఎక్కువ.

మొహాలీలో సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1980ల తొలి ఏళ్ళలోనే చిప్పుల తయారీ మొదలుపెట్టింది. తైవాన్‌లో టీఎస్ఎంసీ పుట్టింది 1987లో. అంటే మనం ముందు బయలుదేరినవాళ్ళం. 1989 ఫిబ్రవరిలో మొహాలీ కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. తిరిగి నిలబడేసరికి ఏళ్ళు గడిచాయి, ఆ ఏళ్ళలో లోకం చాలా ముందుకు పోయింది. అటు తైవాన్‌లో ఏం జరిగింది? ప్రభుత్వం దాదాపు సగం పెట్టుబడి పెట్టింది, డచ్చి కంపెనీ ఫిలిప్స్ నాలుగో వంతుకు పైగా పెట్టింది, అమెరికాలో పండిపోయిన మోరిస్ చాంగ్‌ను పిలిచి పగ్గాలు అప్పగించారు. అంతకు పదేళ్ళ ముందునుంచే తమ ఇంజనీర్లను అమెరికాకు పంపి పని నేర్పించి ఉన్నారు. మనుషులు ముందు వచ్చారు, కర్మాగారం తర్వాత వచ్చింది. టీఎస్ఎంసీ ఒక్క 2024లోనే కొత్త యంత్రాలు, భవనాల మీద దాదాపు 3,000 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది.

మన హైదరాబాదు గాయం ఇంకా దగ్గరిది. 2006లో శంషాబాదు విమానాశ్రయం వైపు ఫ్యాబ్ సిటీ అన్నారు. సెమ్‌ఇండియా అనే సంస్థ 300 కోట్ల డాలర్లతో చిప్పుల కర్మాగారం కడుతుందన్నారు, భూములు కేటాయించారు. కర్మాగారం రాలేదు. ఆ రోజుల్లో ఆ ప్రకటనను నమ్మి చుట్టూ ఇళ్ళ స్థలాలకు అప్పు అడిగినవాళ్ళ దరఖాస్తులు నా బల్ల మీదికీ వచ్చాయి. ప్రకటనకూ పునాదికీ మధ్య దూరం ఎంతో వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ మిషన్ ప్రకటించాక ఆట మారింది. ప్రాజెక్టు ఖర్చులో సగం కేంద్రం ఇస్తుంది, దాని మీద రాష్ట్రం ఇంకో ఐదో వంతో అంతకన్నా కొంచెం ఎక్కువో కలుపుతుంది. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ ప్లాంటు విలువ 275 కోట్ల డాలర్లయితే అందులో కంపెనీ సొంత డబ్బు 82.5 కోట్లు. మిగతాది మీరూ నేనూ కట్టిన పన్ను. ధోలేరాలో టాటాలు తైవాన్‌కు చెందిన పవర్‌చిప్‌తో కలిసి 91,000 కోట్ల రూపాయల కర్మాగారం, అస్సాంలోని జాగీరోడ్‌లో 27,000 కోట్లతో చిప్పుల ప్యాకేజింగ్ కేంద్రం తలపెట్టారు. 2025 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన వాటిలో దక్షిణ కొరియా సంస్థతో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టే ప్యాకేజింగ్ ప్లాంటు ఒకటి ఉంది. మన ఓర్వకల్లులో సిలికాన్ కార్బైడ్ చిప్పుల కర్మాగారం పెడతామన్న ప్రతిపాదనా ఉంది. అది నిజం కావాలనే కోరుకుంటాను. కానీ పునాది రాయి పడి, గోడలు లేచి, మొదటి చిప్పు అమ్ముడుపోయే దాకా దాన్ని ప్రతిపాదన అనే పిలుద్దాం. చుట్టూ ప్లాట్లు కొనకండి.

పన్ను డబ్బు ఇంత పోయడం తప్పు అంటారా అని నన్ను అడుగుతుంటారు. తప్పు కాదు. అమెరికా కూడా 2022 ఆగస్టులో చట్టం చేసి చిప్పుల కోసం 5,000 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. చిప్పు లేకపోతే కారు లేదు, క్షిపణి లేదు, ఆస్పత్రిలో స్కానింగు మిషను లేదు. నా అభ్యంతరం ఒక్కటే. దాదాపు మూడొంతులు మన డబ్బయినప్పుడు, ఇక్కడివాళ్ళకు పని నేర్పాలన్న మన మాట షరతుల్లో ఉండాలి. కాలిపోయిన మొహాలీ చూడండి. ఇస్రో రాకెట్లకు కావలసిన విక్రమ్ ప్రాసెసర్ అక్కడే తయారైంది, 2025 సెప్టెంబరులో దేశానికి చూపించారు. వ్యాపారంగా ఓడిన చోట పని తెలిసినవాళ్ళు మిగిలారు కాబట్టి అది సాధ్యమైంది.

కృత్రిమ మేధ దగ్గరికి వస్తే, కామర్స్ విద్యార్థులు చెవులు నిక్కించి వినాల్సింది తరుగుదల గురించే. ఒక డేటా సెంటరు ఖర్చులో పెద్ద భాగం చిప్పులున్న సర్వర్లది. వాటి ఆయువు ఎంత? అమెజాన్ 2025 నుంచి తన సర్వర్లలో కొన్నిటి ఆయువును ఆరేళ్ళ నుంచి ఐదేళ్ళకు తగ్గించింది, సాంకేతికత అంత వేగంగా మారుతోందని చెప్పింది. అదే ఏడాది మెటా తన సర్వర్ల ఆయువును ఐదున్నరేళ్ళకు పెంచింది. అలాంటి యంత్రాలే, ఇద్దరు యజమానులు, రెండు లెక్కలు. ఆయువు పెంచి రాస్తే ఈ ఏడాది లాభం పెరిగి కనిపిస్తుంది. లెక్క తప్పని నేను అనడం లేదు. ఆ ఒక్క గడిలో వేసే అంకె మీద వేల కోట్ల లాభం ఆధారపడి ఉందని మాత్రం చూడమంటున్నాను. 2025 జనవరి 27న డీప్‌సీక్ అనే చైనా నమూనా తక్కువ ఖర్చుతో పని చేస్తుందన్న వార్తకే ఎన్‌విడియా మార్కెట్ విలువ ఒక్కరోజులో దాదాపు 59,000 కోట్ల డాలర్లు పడిపోయింది. ఆశ మీద కట్టిన ధర అంత పలచనిది.

ఇలాంటి వెర్రి ఊపు మనం ఒకసారి చూశాం. 1990ల చివర్లో సముద్రాల అడుగున ఫైబర్ కేబుళ్ళు పోటీపడి వేశారు. గ్లోబల్ క్రాసింగ్, వరల్డ్‌కామ్ రెండూ 2002లో దివాలా తీశాయి. టైకో సంస్థ వందల కోట్ల డాలర్లు పోసి వేసిన 60,000 కిలోమీటర్ల కేబుల్‌ను మన వీఎస్ఎన్ఎల్ 13 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. డబ్బు పెట్టినవాళ్ళు మునిగారు. ఆ చవక కేబుళ్ళ మీదే హైదరాబాదు పిల్లలు రాత్రి షిఫ్టులు చేసి అమెరికా పనులు చక్కబెట్టారు. ఎన్నో తెలుగు ఇళ్ళు ఆ కేబుల్ మీద నిలబడ్డాయి. మరి ఇప్పటి ఊపు దిగినా మనకేదో మిగలదా అంటే, తేడా ఉంది. సముద్రపు కేబుల్ పాతికేళ్ళు పనిచేస్తుంది. సర్వరు ఐదారేళ్ళకే పాతబడుతుంది. కేబుల్ మిగిలినట్టు చిప్పు మిగలదు.

విశాఖలో డేటా సెంటరు కోసం 2026 నుంచి ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అదానీ, ఎయిర్‌టెల్ సంస్థలు భాగస్వాములు. సముద్ర కేబుళ్ళు కూడా వచ్చి విశాఖ తీరంలో చేరతాయి. నా దృష్టిలో ఇందులో అన్నిటికన్నా విలువైంది ఆ కేబుళ్ళే, డేటా సెంటరు కోసం వేసే కరెంటు లైన్లే. సర్వర్ల హాలు నడపడానికి మనుషులు కొద్దిమందే కావాలి. కాబట్టి భూమీ కరెంటూ ఇచ్చేటప్పుడు ఉద్యోగాల అంకె అడగడం కన్నా, మన విశ్వవిద్యాలయాలకు ఆ యంత్రాల మీద ఎన్ని గంటలు ఇస్తారో అడగడం మేలు. కేంద్రం 2024 మార్చిలో 10,372 కోట్ల రూపాయలతో ఏఐ మిషన్ పెట్టి, పరిశోధకులకు ఆ చిప్పులు గంటకు వంద రూపాయల లోపు అద్దెకు దొరికేలా చేసింది. ఆ దారి నాకు నచ్చింది.

పరిశోధనకు పెట్టే ప్రభుత్వ డబ్బు ఏం చేయగలదో చూడండి. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1960లలోనే కంప్యూటరుకు మనిషి మాట వినడం నేర్పే పని పట్టుకున్నారు. ఆనాడు అది అమ్ముడుపోయే సరుకు కాదు. అమెరికా ప్రభుత్వ పరిశోధన నిధులు ఏళ్ళ తరబడి ఓపిగ్గా మోశాయి. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఇవాళ ఫోనులో మనం తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయంటే, అది ఆ ఓపికలో మొలిచిన మొక్కే.

చివరిగా వైద్యం. సారు పాఠానికి అసలైన ఉదాహరణ ఇక్కడుంది.

1961లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల సంస్థ ఏర్పడింది. సోవియట్ సహాయంతో హైదరాబాదు బాలానగర్‌లో సింథటిక్ మందుల కర్మాగారం కట్టారు. లాభనష్టాల పట్టిక మాత్రమే చూస్తే అది విషాదం. నష్టాలు పేరుకుని 1992లో దాన్ని ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. నా తోటి బ్యాంకర్లు ప్రభుత్వ సంస్థల వైఫల్యానికి ఐడీపీఎల్‌నే ఉదహరించేవాళ్ళు. కానీ ఆ గేటులోంచి బయటికి వచ్చినవాళ్ళను చూడండి. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు అంజిరెడ్డి గారు అక్కడ కొన్నేళ్ళు పనిచేశారు. బయటికి వచ్చి చిన్న యూనిట్లు పెట్టి, 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. ఆయనొక్కరే కాదు. రియాక్టరు ఎలా వేడెక్కించాలో, స్ఫటికం ఎప్పుడు కడుతుందో, దిగుబడి ఎక్కడ జారిపోతోందో ఆ కర్మాగారంలో చేతులు కాల్చుకుని నేర్చిన కెమిస్టులు, ఇంజనీర్లు, ఫోర్‌మన్లు జీడిమెట్ల, బొల్లారం వైపు సర్దుకుని కొత్త యూనిట్లు లేపారు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, వేరే దారిలో అదే మందు చేయగల తెలివికి విలువ వచ్చింది. ఆ తెలివి బాలానగర్‌లో సిద్ధంగా ఉంది. హైదరాబాదు దేశానికి బల్క్ డ్రగ్ రాజధాని అయింది. మధుమేహానికీ బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లుటైడ్‌కు భారతదేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి అని తెలిసి, దాని చవక రూపం కోసం మన కంపెనీలు ఏళ్ళ ముందునుంచే సిద్ధమయ్యాయి. ఆ సిద్ధపడే నేర్పుకు మొదటి బడి ఐడీపీఎల్.

ఐడీపీఎల్ యంత్రాలు ఎప్పుడో రూపాయికి తరిగిపోయి ఉంటాయి. అక్కడి ఫిట్టర్ల విలువ ఏ రిజిస్టరులో రాయాలి?

ఇంకో సంగతి. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1993లో తల్లి శాంతమ్మ గారి పేరిట శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. హెపటైటిస్ బి టీకా దిగుమతి చేసుకుంటే డోసు వందల రూపాయలు పడే కాలం. ఇక్కడ దొరకని పెట్టుబడి ఒమన్ దేశపు విదేశాంగ మంత్రి చేతుల మీదుగా వచ్చింది. 1997లో టీకా బయటికి వచ్చాక ధర పదుల రూపాయల్లోకి దిగింది. అలాంటి ఫైలు మా బ్యాంకుల్లో ఎందుకు పాసయ్యేది కాదో నాకు తెలుసు. తనఖాకు భూమి లేదు, నెలవారీ వసూళ్ళు లేవు, ఉన్నదల్లా చేసి చూపిస్తామన్న శాస్త్రవేత్తలు. అలాంటి దరఖాస్తులను వెనక్కి పంపిన బల్లల్లో నా బల్ల కూడా ఉంది. ఆ తప్పు ఈ వేదిక మీద ఒప్పుకోవడం సారుకు నేను బాకీ పడ్డ పని.

ఇప్పుడు వైద్యంలోకి వచ్చే డబ్బు ఎక్కువగా ఆస్పత్రుల వైపు పోతోంది. హైదరాబాదులో పుట్టిన కేర్ ఆస్పత్రులు 2023లో బ్లాక్‌స్టోన్ అనే అంతర్జాతీయ పెట్టుబడి సంస్థ చేతికి వెళ్ళాయి. ఇలాంటి సంస్థలు సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ళలో అమ్ముకుని బయటపడాలని చూస్తాయి. ఆస్పత్రికి అది చాలా చిన్న కాలం. నర్సు చెయ్యి తిరగడానికీ, ఒక విభాగం నమ్మకం సంపాదించడానికీ అంతకన్నా ఎక్కువే పడుతుంది. గుండె స్టెంట్ల ధరలకు 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చిందని మరవకండి. దేశంలో వైద్య ఖర్చులో జనం జేబు నుంచి పోయే వాటా 2013-14లో నూటికి 64 ఉంటే 2021-22కి 39కి తగ్గింది. మంచి మార్పే. అయినా కర్నూలు పెద్దాసుపత్రి ముందు పొద్దున్నే నిలబడి చూడండి. గద్వాల నుంచి, ఆలూరు నుంచి, నల్లమల పల్లెల నుంచి బస్సు దిగినవాళ్ళు చీటీ పట్టుకుని వరుసలో ఉంటారు. ఆ వరుస దగ్గరికి ఏ పెట్టుబడి సంస్థా రాదు. అక్కడికి రావాల్సింది ప్రభుత్వ బడ్జెట్టే, వచ్చేలా అడగాల్సింది మనమే.

నాకు చివరిగా రెండు విన్నపాలున్నాయి.

ఒకటి ప్రభుత్వానికి. ఓర్వకల్లులో గానీ విశాఖలో గానీ భూమి, నీరు, రాయితీలు ఇచ్చే ప్రతి ఒప్పందంలో ఒక పేజీ చేర్చండి. ఎంతమంది స్థానిక పిల్లలకు, ఏ పని, ఎన్నేళ్ళలో, ఎవరు నేర్పుతారో అందులో రాయించండి. ఆ పేజీని తెలుగులో అచ్చువేసి భూమి ఇచ్చిన ఊరి సచివాలయం గోడకు అంటించండి.

రెండోది ఈ కళాశాలకు. సారు పేరిట ఉన్న ధర్మనిధి వడ్డీలోంచి నాకు పారితోషికం ఇవ్వాలని నిర్ణయించారని తెలిసింది. అది నాకు వద్దు. దాంతో ఒక బస్సు మాట్లాడండి. ఈ సంక్రాంతి సెలవుల లోపే బీకాం రెండో ఏడాది పిల్లలను గనికీ, పిన్నాపురానికీ, ఆదోని జిన్నింగు మిల్లుకూ తీసుకుపోండి. ఆస్తుల రిజిస్టరు చూపించమని అడగమనండి.